లైవులో చూడొచ్చు కదా!

ఈమధ్య మా ఊరి మగవాళ్లకి ఓ మంచి మాట దొరికింది. పూర్వం "ఇప్పుడెందుకులే, వచ్చే ఏడు చూద్దాం" అనేవారు. దానికి ఎదురు చెప్పడం తేలిక. పోయినేడూ ఇదే అన్నారు కదా అంటే నీళ్లు నమిలేవారు. ఇప్పటి మాటతో ఆ ఇబ్బంది కూడా తప్పింది. "ఎందుకా తోపులాటలో పడి నలగడం? హాయిగా ఇంట్లో కూర్చుని లైవులో చూడొచ్చు కదా!"

వినడానికి ఎంత దయగల మాటో చూడండి. మన ఒళ్లు నలగకూడదన్న బెంగ ఉంది అందులో. మన మోకాళ్లు నొప్పిపుట్టకూడదన్న ఆపేక్ష ఉంది. ఆ "హాయిగా"నీ, ఆ "కూర్చుని"నీ నమ్ముకుని నేను పదేళ్ల పైనుంచీ తిరుమల బ్రహ్మోత్సవాలు లైవులో చూస్తున్నాను. ఆ చూడటమంటే ఏమిటో ఇవాళ మీతో చెప్పుకోవాలి.

మాది తిరుపతి. 2022 ఏప్రిల్లో చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మాకు మా ఊరి పేరుతోనే జిల్లా వచ్చింది. జిల్లా మారింది గాని మా యాసా మారలేదు, ఇళ్ల అలవాట్లూ మారలేదు. ఆ అలవాట్లలో మొదటిది చుట్టాలు. తిరుపతిలో ఇల్లు కట్టినవాడు సత్రం కట్టినట్టే. పెరటాసి నెల వచ్చిందంటే శనివారం శనివారం తళిగలు వేయడం, గుమ్మంలో గోవింద కొట్టినవాళ్లకి బియ్యం పోయడం ఒక పక్క. ఇంచుమించు ఆ రోజుల్లోనే వచ్చే తొమ్మిది రోజుల బ్రహ్మోత్సవాలు ఇంకో పక్క. మదనపల్లెలో ఉన్న తోడల్లుడి చెల్లెలూ, బళ్లారిలో ఉన్న పెదనాన్న వియ్యంకుడూ, వాళ్ల పక్కింటివాళ్లూ దిగుతారు. వాళ్లకి కాఫీలు, టిఫిన్లు, కొండమీదికి పట్టుకెళ్లడానికి పులిహోర పొట్లాలు. అర్ధరాత్రి కొండ దిగొచ్చి, "అబ్బ, ఏం చూశాం వదినా! జన్మ ధన్యమైపోయింది! కాస్త చారన్నం ఏమైనా ఉందా?" అంటారు. వాళ్ల ధన్యతకి చారు కాచేది ఎవరో వేరే చెప్పాలా?

కొండమీదికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. మొదటి ఘాటురోడ్డు 1944లో పడింది, రెండోది 1974లో. నడిచేవాళ్లకి అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఇంత దగ్గరలో పుట్టి, ఇంత దగ్గరలోనే మెట్టిన నేను, నలభై దాటాక వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటే గరుడసేవ కళ్లారా చూసింది రెండే రెండుసార్లు. ఒకసారి మా నాయన భుజం మీద కూర్చుని, ఇంకోసారి పెళ్లయిన కొత్తలో. మా వీధిలో అడిగి చూశాను. ఎవరి లెక్కా నాకంటే పెద్దగా ఏం లేదు. ఒకావిడ అయితే "నేను ఇంకా చూడనే లేదు మే, చూస్తాలే" అంది. ఆవిడకి అరవై రెండు.

ఇక ఆ వాహనాల వేళలు చూడండి. ఇటీవలి ఏళ్లలో పొద్దుటి వాహనం ఎనిమిది నుంచి పది దాకా, రాత్రి వాహనం ఏడు నుంచి తొమ్మిది దాకా. వేళలు పెట్టినవాళ్లని నేనేం అనను, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ ఆ పట్టిక తెచ్చి మీ వంటింటి గడియారం పక్కన పెట్టండి. ఎనిమిదికి పిల్లల డబ్బాలు. ఎనిమిదిన్నరకి ఆయన డబ్బా. తొమ్మిదికి అత్తగారి టిఫిను, దాని వెనకాల మాత్రలు. మళ్లీ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఏ ఇంట్లో ఆడది ఎక్కడ ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తొమ్మిది రోజుల్లో స్వామి మాకు తీరికున్న వేళ గుడి బయటికి వచ్చేది ఒకే ఒక్క సాయంత్రం. ఆ సంగతి తర్వాత చెప్తాను.

అంచేత మా ఇళ్లల్లో లైవు మగవాళ్లు చూస్తారు, ఆడవాళ్లు వింటారు. హాల్లో టీవీ మోగుతుంటుంది. నాదస్వరం వినపడుతుంది, డోలు వినపడుతుంది, గోవింద నామాలు వినపడతాయి. హారతి అనగానే చేతిలో అట్లకాడతో పరిగెత్తుకొస్తాం. దణ్ణం పెట్టుకునేలోగా పెనం మీద దోసె మాడిన వాసన. మళ్లీ వెనక్కి పరుగు. అయిదో రోజు పొద్దున మోహినీ అవతారం. స్వామి ఆడవేషంలో పల్లకీ ఎక్కి వస్తాడు, వెనకే ఇంకో పల్లకీలో చిన్నికృష్ణుడు. సాక్షాత్తూ దేవుడే ఆడవాళ్లలా ముస్తాబై మాడవీధుల్లోకి వచ్చిన పూట, కొండ కింద ఉన్న అసలు ఆడవాళ్లు టిఫిను డబ్బాల మూతలు బిగిస్తుంటారు.

ఏమాటకామాటే చెప్పాలి, ఈ లెక్కన రేడియోయే నయం. భద్రాచలం కల్యాణానికి ఉషశ్రీ గారు చెప్పిన వ్యాఖ్యానం మా అమ్మ తరంవాళ్లకి ఇప్పటికీ చెవుల్లో ఉంది. వినేవాళ్లకి ఏమీ కనపడదని ఆయనకి తెలుసు. అంచేత కనపడేలా చెప్పేవారు. రేడియోకి వంటింటి మర్యాద తెలుసు. ఇటు తిరిగి నన్ను చూడమని అది ఎవరినీ అడగలేదు. టీవీలో మాట్లాడే పెద్దలకి ఆ బెంగ లేదు. బొమ్మ ఎలాగూ కనపడుతోంది కదా అని వాళ్లు పురాణంలోకి వెళ్లిపోతారు. మాకు బొమ్మా కనపడదు, పురాణమూ సగమే వినపడుతుంది. మిగతా సగం మిక్సీ మింగేస్తుంది.

మా చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. ఇక్కడ రాత్రి ఏడుకి గరుడసేవ మొదలైతే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. సెలవు రోజైతే కాఫీ కప్పు చేతిలో పట్టుకుని, కంప్యూటరు ముందు కాళ్లు మడుచుకుని కూర్చుని చూస్తుంది. మధ్యలో నాకు ఫోను. "అక్కా, మకరకంఠి చూశావా? లక్ష్మీహారం ఎంత బాగా కనపడుతోందో చూశావా? శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళమ్మ మాల వచ్చింది చూడు, చూడు!" మూలవిరాట్టుకి ఉండే సహస్రనామ మాలా అవీ మలయప్పస్వామికి వేసేది ఆ ఒక్క రాత్రే. నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని పిండి కలుపుతూ "ఆఁ, ఆఁ" అంటాను. ఏడు సముద్రాల అవతల ఉన్నది చూస్తోంది. ఏడు కొండల కింద ఉన్నది దాని నోట వింటోంది.

ఇంత చెప్పాక, లైవుకి నేను విరోధినని మీరు అనుకోవచ్చు. అలా అనుకునేవాళ్లు మా ఇంటికీ వస్తుంటారు. ఉత్తరీయం సర్దుకుంటూ, "బాగా అన్నావమ్మా, పెట్టెలో దేవుణ్ణి చూస్తే పుణ్యం ఎక్కడినుంచి వస్తుంది? భక్తి అంటే కష్టపడాలి, మెట్లెక్కాలి" అంటారు. వాళ్లకి నేనేం వత్తాసు కాదు. మా అత్తగారికి ఎనభై దాటాయి, మంచం దిగితే గోడ పట్టుకోవాలి. 2008లో దేవస్థానం వాళ్లు భక్తి ఛానలు పెట్టకపోతే ఆవిడ ఈ పదిహేనేళ్లూ గరుడసేవ చూసి ఉండేది కాదు. వాహనం వచ్చే వేళకి ఆవిడకి ఉతికిన చీర కావాలి. టీవీకి కర్పూరం వెలిగించి, మంచం మీదినుంచే రెండు చేతులూ తలపైకెత్తుతుంది. ఎత్తిన ఆ చేతులు చూసి పుణ్యం లేదనగలిగిన పండితుడెవరో ముందుకి రమ్మనండి.

ఇంకా ఉన్నారు. కువైట్‌లో ఒకరిళ్లల్లో పనికి వెళ్లిన మా సీమ ఆడవాళ్లు ఎంతమందో! ఇక్కడ ఏడైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఫోను గోడకి ఆనించి, పని చేసుకుంటూ, ఆ చిన్న తెరమీద స్వామిని చూసుకుంటారు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మలున్నారు. నెలలో ఆ నాలుగు రోజులూ దేవుడి గది గడప తొక్కకూడదని ఇంకా కట్టడి ఉన్న ఇళ్ల పిల్లలున్నారు. టీవీకి మైల లేదు. ఈ లాభం మాత్రం పెద్దలెవరూ ముందుగా ఊహించి ఉండరు. భక్తి ఛానలుకి తమిళం వచ్చింది, 2021 బ్రహ్మోత్సవాల రోజుల్లో కన్నడం, హిందీ కూడా వచ్చాయి. రానీయండి, మంచిదే. నా గొడవ లైవుతో కాదు, ఆ చివర ఉన్న "కదా"తో.

ఆ "కదా" ఎంత చేదో మగవాళ్లకి తెలిసిన ఏడు ఒకటుంది. 2020.

అది అధికమాసం వచ్చిన ఏడు. కాబట్టి రెండు బ్రహ్మోత్సవాలు. సెప్టెంబరు 19 నుంచి 27 దాకా ఒకటి, అక్టోబరు 16 నుంచి 24 దాకా మరొకటి. కరోనా మూలంగా రెండూ ఏకాంతంగానే జరిగాయి. వాహనాలు మాడవీధుల్లోకి రాలేదు, గుడి లోపల కల్యాణ మండపంలోనే జరిపారు. చక్రస్నానమూ పుష్కరిణిలో కాదు, గుడిలోనే. జనమంతా చూడగలిగింది లైవులోనే. తర్వాతి ఏడూ అంతే. బ్రహ్మోత్సవాలకి మళ్లీ 2022లో గాని స్వామి వీధికి రాలేదు.

ఆ రెండేళ్లూ మా ఇంట్లో మగవాళ్ల అవస్థ చూడాలి! మావారు హాల్లో అటూ ఇటూ తిరిగేవారు. "ఏముందే ఇందులో? గుంపు లేదు, గోవింద లేదు, కర్పూరం వాసన లేదు. తెర చూసి దణ్ణం పెట్టుకుంటే చూసినట్టా?" అనేవారు. మా మరిది చిత్తూరు నుంచి రోజూ ఫోను చేసి ఇదే పాట. నలభై ఏళ్లుగా ఒక్క ఏడు తప్పలేదట ఆయనకి. వాళ్ల బాధ అబద్ధమని నేననను. ఆ ఏడు అందరి గుండెలూ బరువుగానే ఉన్నాయి. కానీ నాకు మాత్రం ఒకటే అనిపించింది. దేశంలో మగవాళ్లంతా మొదటిసారి మా వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. అక్కడినుంచి ఉత్సవం ఎంత కనపడుతుందో చూశారు. చూసి రెండేళ్లు కూడా ఓర్చుకోలేకపోయారు. మాకు అది ఏటేటా ఉండేదే.

మరి 2022లో వీధులు తెరిచాక ఏమైందనుకున్నారు? వాళ్లు చెప్పులేసుకుని కొండెక్కారు. మాకు మాత్రం "లైవులో చూడొచ్చు కదా" అలాగే మిగిలిపోయింది. తెర చూసి దణ్ణం పెట్టుకుంటే చూసినట్టా అన్నది ఆ నోరే. చూసినట్టే అంటున్నదీ ఆ నోరే.

అసలు ఈ "కదా" ఎక్కడ పలుకుతారు, ఎక్కడ పలకరు, కాస్త గమనించండి. మే నెలలో మా ఊళ్లో తాతయ్యగుంట గంగమ్మ జాతర. మా వెంకన్నకి చెల్లెలని దేవస్థానం నుంచి సారె వస్తుంది ఆ తల్లికి. వారం రోజులు రోజుకో వేషం. మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసుకుని వీధిన పడతారు. ఆ జనం, ఆ తోపులాట, ఆ మండుటెండ కొండమీద ఉత్సవానికి ఏం తీసిపోవు. అక్కడికి పోతామంటే "లైవులో చూడొచ్చు కదా" అని ఏ మగవాడైనా అంటాడా? అనడు. అంటే పొంగళ్లు ఎవరు పెడతారు? అంబలి ఎవరు కాస్తారు? మొక్కు ఎవరు తీరుస్తారు?

దూరం పోనక్కర్లేదు. మా ఆడబిడ్డ కూతురి సీమంతం మొన్న లైవు పెట్టారు. అయినా నేను లైవులో చూస్తే చాలదట. రెండు రోజుల ముందే వచ్చి తీరాలట. గాజులు సర్దాలి, చలిమిడి పట్టాలి, అయిదు రకాల అన్నాలు కలపాలి. మగవాళ్లలో సగం మంది మాత్రం ఆఫీసులో కూర్చుని ఫోన్లోనే అక్షింతలు వేశారు. తేలిందేమిటి? చేతులతో పనున్న చోటికి మనం వెళ్లాలి. కళ్లతో పనున్న చోటికి మాత్రం లైవు చాలు.

మా అన్న కొడుకు ఈ లైవు పనే చేస్తాడు. ఓ పల్లె గుడి కమిటీ వాళ్లు జాతర మొత్తం తమ వెబ్‌సైటులో చూపించమని వాడికి పని అప్పగించారు. ఊరివాళ్లు సగం మంది బెంగుళూరులో, ఇంకొందరు అమెరికాలో. డబ్బు ఇచ్చేదీ వాళ్లే. పెళ్లి లైవుకీ దీనికీ చాలా తేడా అన్నాడు. పెళ్లి ఒక పూట. ఇది రోజుల తరబడి. ఒక ఇంటర్నెట్టు తీగ తెగితే ఇంకోటి ఉండాలి, దానికి తోడు నాలుగు రకాల సిమ్ములు కలిపి పెట్టుకోవాలి, కరెంటు పోతే జనరేటరు. అన్నీ సరిగా ఉన్నా ఇక్కడ జరిగింది అక్కడ తెరమీదికి రావడానికి అర నిమిషం పడుతుందట. "అన్నిటికంటే కష్టం ఏందో తెల్సా అత్తా? రెండు పూజల మధ్యన ఖాళీ. ఆ గంటల్లో ఏం చూపించాల? ఆడోళ్లు పొంగళ్లు పెడతాంటారు సూడు, అది తీసి నింపేస్తాం. దాన్ని ఫిల్లరంటాం" అన్నాడు.

ఎండలో మూడు రాళ్లు పెట్టి, పొగకి కళ్లు నీళ్లు కారుతుంటే కుండ పొంగేదాకా ఊదుతూ కూర్చున్న వందమంది ఆడవాళ్లు ఖాళీ నింపడానికట! పూజారి వచ్చి గంట కొట్టగానే కెమెరా అటు తిరిగిపోతుందట. వాణ్ణి తిట్టి లాభం లేదు. పిల్లవాడు నోటికొచ్చిన నిజం చెప్పాడు.

మా వాళ్ల వైపు న్యాయం లేకపోలేదు. జనసమ్మర్దం అంటే భయం ఉండాల్సిందే. 2025 జనవరి 8న మా ఊళ్లోనే వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ రాత్రి మా వీధిలో ఎవరికీ నిద్రలేదు. ఆ మర్నాటినుంచి "అందుకే చెప్పేది" అనడం మరీ ఎక్కువైంది. నేనడిగేది ఒక్కటే. గేటు తెరిచే వేళ, వరస నిలబెట్టే తీరు, నిలబడ్డవాళ్లకి మంచినీళ్లు, మరుగుదొడ్లు, వీటి సంగతి ఎవరు చూడాలి? అవి సరిచేయమని ఊరు ఊరంతా గొంతెత్తి అడగాలి. అది మానేసి, చచ్చిపోయిన ఆడవాళ్లని చూపించి బతికున్న ఆడవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టడం ఏం న్యాయం? తొక్కిసలాటలో మగవాళ్లూ పోతారు. వాళ్లకెవరూ లైవు చూపించడం లేదే! గరుడసేవనాడు మాడవీధుల్లో గ్యాలరీలలోనే రెండు లక్షల మంది దాకా పడతారని చెప్తారు. ద్విచక్ర వాహనాలు ఘాటురోడ్డు మీదికి రానివ్వరు, బస్సుల్లోనే పోవాలి. ఇన్ని లక్షల మందిని పట్టే చోట తిరుపతి ఆడవాళ్లు పట్టరా?

పోనీ వెళ్లలేని రోజు ఉంది. అప్పుడు లైవే దిక్కు. అయితే ఆ మాటలో ఉన్న "కూర్చుని" అనేదైనా నిజం చేయండి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా, తొమ్మిది రోజులూ అక్కర్లేదు, గరుడసేవ ఒక్కరాత్రి, వంటింట్లో దీపం ఆర్పేయండి. అన్నం పొద్దునే వండి పెరుగు కలిపి పెడతాం. చుట్టాలతో సహా అందరూ అదే తినండి. కుర్చీ ఒకటి టీవీకి ఎదురుగా వేయండి, పక్కకి కాదు. ఆ రెండు గంటలూ "నా కళ్లజోడు ఎక్కడ పెట్టావు" అని ఎవరూ అడగకుండా ఉంటే అదే పదివేలు.

ఇందాక ఒక్క సాయంత్రం సంగతి తర్వాత చెప్తానన్నాను. అది ఆరో రోజు. పొద్దున హనుమంత వాహనం అవుతుంది. సాయంత్రం నాలుగింటికి స్వర్ణరథం. ఎండ వాలుతుంటే బంగారు రథం వీధిలోకి వస్తుంది. దాని తాళ్లు పట్టి లాగేది ఆడవాళ్లు. గుంపులు గుంపులుగా పసుపు చీరలూ, పట్టుచీరలూ, నడుముకి చుట్టిన పైటలూ. నాలుగు గంటలంటే మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, రాత్రి పొయ్యి వెలిగించబోయే ముందు మనకి దొరికే ఆ కాస్త వేళ. ఆ తాడు ముతగ్గా ఉంటుందో నున్నగా ఉంటుందో, పట్టుకుంటే అరచెయ్యి మండుతుందో లేదో లైవులో తెలియదు. ఈ ఊళ్లో పుట్టిన నాకు ఇంతవరకూ తెలియలేదు.

ఈ ఏడు ఆరో రోజున పదకొండు గంటల బస్సుకి మా వీధి నుంచి అయిదుగురం వెళ్తున్నాం. అరవై రెండేళ్లావిడ కూడా వస్తోంది. టికెట్లకి చిల్లర కూడా ఇప్పటినుంచే పోగేస్తోంది. మా అత్తగారైతే "నువ్వు పొయ్యిరా తల్లీ, నేను టీవీలో నిన్ను వెతుక్కుంటా" అంది. ఏ రంగు చీర కడతానో ముందే చెప్పమంది, గుర్తుపట్టడానికి. మావారికి నెలరోజుల ముందే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆవేళ రాత్రి మదనపల్లె వాళ్లకి సంగటి ఎవరు కెలుకుతారు?" అన్నారు. రాగిపిండి డబ్బా ఎక్కడుందో చూపించాను. కెలకడం ఎలాగో యూట్యూబులో బోలెడుమంది చూపిస్తున్నారు. దానికి లైవు కూడా అక్కర్లేదు, రికార్డు చేసినవే ఉన్నాయి.